‘అనాథ’ అని తేల్చేసే తొందర: విపత్తు వేళ పిల్లలకు పొంచి ఉన్న ముప్పు

2021 మే నెలలో, కొవిడ్ రెండో ఉద్ధృతికి ఆస్పత్రుల్లో పడకలు దొరకని రోజుల్లో, వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ ఒకే తీరు సందేశాలు తిరిగాయి. తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారని, పసిబిడ్డలకు దిక్కులేదని, పెంచుకోదలచినవారు ఫలానా నంబరుకు ఫోన్ చేయాలని వాటి సారాంశం. వాటిని పదిమందికీ పంపినవారిలో చాలామంది జాలితోనే పంపి ఉంటారు. చట్టం దృష్టిలో మాత్రం అది పిల్లలను అక్రమంగా చేతులు మార్చడానికి ఇచ్చిన పిలుపు. ఆ సందేశాల జోలికి పోవద్దని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ హెచ్చరించాయి. పిల్లలను దత్తతకు ఇస్తామంటూ ఇలా బహిరంగంగా ఆహ్వానించే వ్యక్తులపై, సంస్థలపై చర్యలు తీసుకోవాలని జూన్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అదే కోర్టుకు 2022 జనవరిలో కమిషన్ సమర్పించిన లెక్కను ఆ సందేశాల పక్కన పెట్టి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి కొవిడ్ వల్లనో ఇతర కారణాలతోనో తల్లినో, తండ్రినో, ఇద్దరినీనో కోల్పోయిన పిల్లలు, ఎవరూ పట్టించుకోక మిగిలిపోయినవారితో కలిపి 1,47,492 మంది అని ఆ లెక్క చెప్పింది. వారిలో ఒకరిని కోల్పోయినవారు 1,36,910 మంది. ఇద్దరినీ కోల్పోయినవారు 10,094 మంది. వదిలివేతకు గురైనవారు 488 మంది. అంటే నూటికి ఏడుగురికే తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. ఆ ఏడుగురికైనా అమ్మమ్మ, తాతయ్య, మేనమామ, పిన్ని, పెద్దనాన్న ఎవరూ లేరని దాని అర్థం కాదు.

ఇది కొవిడ్ ఒక్కదానికే చెందిన విశేషం కాదు. భూకంపమైనా, తుపానైనా, యుద్ధమైనా, పెద్దల నుంచి విడిపోయి ఒంటరిగా కనిపించే పిల్లల్లో అత్యధికులకు సొంతవాళ్లు ఎక్కడో ఒకచోట బతికే ఉంటారు. తప్పిపోయిన బిడ్డను అనాథగా రాసేసుకొని, ఆ రాత ఆధారంగా మరో ఊరికో మరో దేశానికో తరలించే తొందర ఉందే, విపత్తు తర్వాత పిల్లలకు జరిగే హానుల్లో చాలావాటికి తలుపు తీసేది అదే. దళారులు ఆ తలుపులోంచి వస్తారని అందరికీ తెలుసు. దాతలు కూడా తరచుగా అందులోంచే వస్తారన్నది అంత సులువుగా ఒప్పుకోలేని సంగతి.

సరిహద్దులో ఆగిన బస్సు, విమానాశ్రయంలో ఆగిన విమానం

2010 జనవరి 12న హైతీని 7.0 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌లో చాలా భాగం నేలమట్టమైంది. ప్రభుత్వ కార్యాలయాలు, కోర్టులు, వాటిలోని రికార్డులు శిథిలాల కింద పడ్డాయి. పదిహేడు రోజుల తర్వాత, జనవరి 29న, పొరుగున ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌లోకి దాటబోతున్న ఒక బస్సును హైతీ పోలీసులు సరిహద్దు దగ్గర ఆపారు. అందులో అమెరికాకు చెందిన పదిమంది మత ప్రచారకులు, 33 మంది పిల్లలు ఉన్నారు. పిల్లల్లో అందరికంటే చిన్నబిడ్డ వయసు రెండు నెలలు, పెద్దవారికి పన్నెండేళ్లు. వారిని దేశం దాటించడానికి అవసరమైన పత్రాలేవీ ఆ బృందం దగ్గర లేవు. భూకంపంలో అనాథలైన పిల్లలను అనాథాశ్రమానికి తీసుకెళ్తున్నామని వారు చెప్పారు.

ఆరా తీస్తే ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రులు ఉన్నారని తేలింది. రాజధానికి ఎగువన కొండల్లో ఉన్న కాలెబాస్ అనే గ్రామంలో తల్లిదండ్రులే స్వయంగా పిల్లలను బస్సెక్కించారు. మంచి చదువు చెప్పిస్తామన్న మాట, వచ్చి చూసుకోవచ్చన్న మాట వారిని ఒప్పించాయి. కొన్ని వారాల తర్వాత పిల్లల్లో అత్యధికులు ఇళ్లకు చేరారు. అపహరణ అభియోగాలు నిలబడలేదు. బృందానికి నాయకత్వం వహించిన మహిళను మాత్రం అక్రమ ప్రయాణం ఏర్పాటు చేసిన నేరానికి దోషిగా తేల్చి, అప్పటికే జైలులో గడిపిన కాలాన్నే శిక్షగా పరిగణించి విడిచిపెట్టారు.

అంతకు రెండేళ్ల పైచిలుకు ముందు ఆఫ్రికాలో జరిగిన ఉదంతం ఇంతకన్నా పెద్దది. 2007 అక్టోబరులో చాద్ దేశపు తూర్పు పట్టణం అబెషే నుంచి 103 మంది పిల్లలను విమానంలో ఫ్రాన్స్‌కు తరలించబోయిన ‘ఆర్ష్ ద జోయె’ అనే ఫ్రెంచి సంస్థ ప్రతినిధులు అరెస్టయ్యారు. వారంతా సూడాన్‌లోని దార్ఫుర్ యుద్ధంలో అనాథలైన పిల్లలని సంస్థ ప్రకటించింది. ఫ్రాన్స్‌లో వారి కోసం కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థి విభాగం, యునిసెఫ్, రెడ్‌క్రాస్ కలిసి పిల్లలతో మాట్లాడితే, వారిలో 91 మంది తమ తల్లినో తండ్రినో, లేదా తల్లిదండ్రుల్లా చూసుకునే పెద్దవారినో వదిలి వచ్చామని చెప్పారు. ఎక్కువమంది సరిహద్దు వెంబడి ఉన్న చాద్ గ్రామాలవారే. ఆరుగురు ఫ్రెంచి పౌరులకు చాద్ కోర్టు ఎనిమిదేళ్ల చొప్పున కఠిన శిక్ష వేసింది. తర్వాత వారిని ఫ్రాన్స్‌కు అప్పగించారు. 2008లో చాద్ అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ పిల్లలను బలవంతంగా ఎత్తుకుపోయినవారు లేరు. నమ్మి అప్పగించిన కుటుంబాలు, తాము మంచి చేస్తున్నామనుకున్న పరదేశీయులు, మధ్యలో ఊళ్లు తిరిగి పిల్లలను పోగుచేసిన స్థానికులు ఉన్నారు. తల్లిదండ్రుల నిర్ణయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం సరికాదు. ఇల్లు కూలి, పని పోయి, బడి మూతపడిన చోట, బిడ్డకు రెండు పూటలా తిండి, చదువు దొరుకుతాయన్న మాట విన్నప్పుడు ఒప్పుకోవడం ఆ పరిస్థితిలో లెక్క ప్రకారం సబబైన పనే. తప్పు ఆ లెక్కను అలా తయారుచేసిన ఏర్పాటులో ఉంది. అదే సాయం ఆ ఇంటి గుమ్మంలోకే వచ్చి ఉంటే బిడ్డను బస్సెక్కించే అవసరమే వచ్చేది కాదు.

అనాథాశ్రమాల చుట్టూ అల్లుకున్న వ్యాపారం

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి నేపాల్‌లో దాదాపు తొమ్మిది వేలమంది మరణించారు. అప్పటికే ఆ దేశంలో సుమారు 15 వేలమంది పిల్లలు ఆశ్రమాల్లో ఉండేవారు. వారిలో నూటికి 85 మందికి పైగా పిల్లలకు తల్లో తండ్రో ప్రాణాలతో ఉన్నారు. ఆశ్రమాలు ఎక్కడున్నాయన్నది ఇంకా చెప్పుకోదగ్గ విషయం. అప్పట్లో దేశంలో 75 జిల్లాలుంటే, నమోదైన ఆశ్రమాల్లో పదింట తొమ్మిది అయిదు జిల్లాల్లోనే ఉండేవి. అవి కాఠ్మాండూ, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కీ, చిత్వాన్. విదేశీ పర్యాటకులు ఎక్కువగా తిరిగే జిల్లాలు కూడా అవే. పేదరికం ఎక్కువగా ఉన్నది మారుమూల కొండ జిల్లాల్లో కాగా, పిల్లల ఆశ్రమాలు వెలసింది విరాళాలు ఇచ్చేవారు దిగే చోట. కొండ గ్రామాలకు వెళ్లి, పట్నంలో ఇంగ్లీషు చదువు చెప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకొని పిల్లలను తెచ్చి, ఆపైన వారినే అనాథలుగా చూపించి విరాళాలు వసూలు చేసిన దళారులు అక్కడ భూకంపానికి ముందునుంచీ ఉన్నారు. భూకంపం వారికి కొత్త అవకాశమైంది.

నేపాల్ ప్రభుత్వం కొన్ని వారాల్లోనే మూడు పనులు చేసింది. తల్లిదండ్రులో ఆమోదం పొందిన పెద్దలో వెంట లేకుండా పిల్లలు జిల్లా దాటి ప్రయాణించకూడదని నిషేధం పెట్టింది. విదేశీ దత్తతలను ఆపింది. కొత్త ఆశ్రమాల నమోదును నిలిపివేసింది. జూన్ నాటికి అక్రమ రవాణా నుంచి, అవసరం లేకుండా చట్టవిరుద్ధంగా ఆశ్రమాల్లో చేర్చడం నుంచి కనీసం 245 మంది పిల్లలను కాపాడగలిగారని యునిసెఫ్ తెలిపింది. రహదారుల మీద, భారత సరిహద్దు దగ్గర తనిఖీ కేంద్రాలు పనిచేయడం వల్లనే ఇది సాధ్యమైంది. చట్టంలో ఉన్న మాట చెక్‌పోస్టులో నిలబడిన మనిషి దాకా వచ్చినప్పుడే అది బిడ్డకు అక్కరకొస్తుందని నేపాల్ అనుభవం చూపింది.

ఇండొనేషియా 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఇలాంటి పనే చేసింది. అతి ఎక్కువ ప్రాణనష్టం జరిగిన ఆచే ప్రాంతం నుంచి పదహారేళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు వెంట లేకుండా బయటికి తీసుకెళ్లడాన్ని కొద్ది రోజుల్లోనే నిషేధించింది. ఆచే అనాథలను అమ్ముతామంటూ మొబైల్ సందేశాలు అప్పుడే తిరిగాయి. మన తీరంలో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్న నాగపట్టణం సహా తమిళనాడు జిల్లాల్లో, పిల్లలను పెంచుకుంటామని దేశం నలుమూలల నుంచీ వచ్చిన విన్నపాలకు ప్రభుత్వం తొందరపడి తల ఊపలేదు. బంధువులు ఉన్నవారిని బంధువుల దగ్గరే ఉంచి, ఎవరూ లేనివారికి ఆ జిల్లాలోనే వసతి గృహాలు తెరిచింది. పుట్టిన తీరానికి, తెలిసిన మాటకు, తోటి పిల్లలకు దగ్గరగా ఉంచడమే అందులోని మేలు.

సునామీ కథల్లో శ్రీలంకలోని కల్మునై ఆస్పత్రిలో చేరిన ఒక పసివాడి సంగతి ప్రపంచమంతా చదివింది. ఆ రోజు అక్కడ చేర్చిన 81వ వ్యక్తి కావడంతో అదే అతని పేరైంది. తొమ్మిది జంటలు ఆ బిడ్డ తమదేనంటున్నాయని పత్రికలు రాశాయి. తీరా చూస్తే అధికారికంగా హక్కు కోరింది ఒక్క జంటే. కోర్టు ఆదేశంతో డీఎన్ఏ పరీక్ష జరిగి, 2005 ఫిబ్రవరిలో బిడ్డ ఆ తల్లిదండ్రుల ఒడికే చేరాడు. వదంతి ఎంత పెద్దదైనా నిర్ధారణ కోసం ఆగినవారు అక్కడ ఉండటం ఆ కుటుంబం అదృష్టం.

బిడ్డను ఇంటికి చేర్చే పని ఎలా సాగుతుంది

విడిపోయిన పిల్లలను గుర్తించి, వివరాలు రాసి, కుటుంబాన్ని వెతికి, నిర్ధారించుకొని, అప్పగించి, ఆ తర్వాత కూడా వెళ్లి చూసిరావడం ఒక క్రమం. ఇందులో మొదటి 48 గంటల పని మిగతా అంతటికీ పునాది. మాటలు రాని పసిబిడ్డ విషయంలో ఇది మరీ నిజం. ఏ ఊళ్లో, ఏ గుడిసె పక్కన, ఎవరికి దొరికాడు, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, మెడలో తాయెత్తు ఉందా, మొలతాడు ఏ రంగుది అన్న చిన్న వివరాలే తర్వాత కుటుంబాన్ని పట్టిస్తాయి. జాలిపడి బిడ్డకు స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగి పాతవి పారేస్తే, ఆ పారేసినవాటితోపాటు ఆధారం కూడా పోతుంది. అయిదారేళ్ల బిడ్డను ఊరి పేరు అడిగితే చెప్పలేకపోవచ్చు. బడి దగ్గర ఏముంది, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు, అమ్మను అందరూ ఏమని పిలిచేవారు అని అడిగితే చెబుతాడు.

1994లో రువాండాలో జరిగిన నరమేధం తర్వాత లక్షమందికి పైగా పిల్లలు కుటుంబాలకు దూరమయ్యారు. శిబిరాల్లో వారి ఫొటోలు గోడలకు అంటించి, జాబితాలు తిప్పి, ఒక్కొక్క కొండ గ్రామానికీ వెళ్లి రెడ్‌క్రాస్, యునిసెఫ్, ఇతర సంస్థలు ఏళ్ల తరబడి వెతికాయి. బీబీసీ ఆ ఏడాదే కిన్యార్వాండా భాషలో మొదలుపెట్టిన రేడియో ప్రసారంలో విడిపోయినవారి పేర్లు చదివి వినిపించేవారు. వేలాది కుటుంబాలు ఆ విధంగా కలిశాయి. అయితే రువాండా మరో పాఠం కూడా నేర్పింది. ఒంటరి పిల్లల కోసం తెరిచిన కేంద్రాల్లో శిబిరంలో కంటే మెరుగైన తిండి, వైద్యం దొరకడంతో, బతికి ఉన్న తల్లిదండ్రులే కొందరు పిల్లలను తెచ్చి అక్కడ వదిలి వెళ్లారు. ఒంటరి పిల్లలకు మాత్రమే సాయం అంటే, పిల్లలను ఒంటరిని చేయడానికి ప్రోత్సాహకం ఇచ్చినట్లే. ఆచేలోనూ సునామీ తర్వాత ఆశ్రమాలు నిండినది ఎక్కువగా చదువు కోసం కుటుంబాలు చేర్చిన పిల్లలతోనే.

అందుకే 2004లో రెడ్‌క్రాస్, యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి శరణార్థి విభాగం, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒప్పుకున్న మార్గదర్శక సూత్రాలు విపత్తు సమయంలో దత్తత ఊసే ఎత్తవద్దంటాయి. కుటుంబాన్ని వెతకడానికి వీలైన ప్రయత్నాలన్నీ చేస్తూ మామూలుగా కనీసం రెండేళ్లు ఆగాలని చెబుతాయి. సహాయ సంస్థల కోసం 2012లో తయారై 2019లో సవరణ పొందిన బాలల పరిరక్షణ కనీస ప్రమాణాల్లోనూ కుటుంబ సంరక్షణకే మొదటి స్థానం ఉంది.

యుద్ధంలో ఈ తరలింపు రాజ్యమే చేస్తే దాని స్వభావం మారిపోతుంది. ఉక్రెయిన్‌లో తాను ఆక్రమించిన ప్రాంతాల నుంచి పిల్లలను రష్యాకు తీసుకెళ్లడం రక్షణ చర్య అని మాస్కో వాదిస్తోంది. తమ పిల్లలు 19 వేలమందికి పైగా అలా తరలిపోయారని ఉక్రెయిన్ అంటోంది. 2023 మార్చి 17న అంతర్జాతీయ నేర న్యాయస్థానం రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై, ఆ దేశ బాలల హక్కుల కమిషనర్ మరియా ల్వోవా బెలోవాపై అరెస్టు వారెంట్లు జారీచేసింది. పిల్లలను చట్టవిరుద్ధంగా తరలించారన్నదే ఆ వారెంట్లలోని యుద్ధనేర అభియోగం.

శిబిరం లోపలి ప్రమాదాలు

కుటుంబంతో కలిసి శిబిరానికి చేరినంత మాత్రాన బిడ్డ భద్రంగా ఉన్నట్లు కాదు. మరుగుదొడ్లు దూరంగా, దీపాల్లేని చోట ఉంటే చీకటి పడ్డాక బయటికి వెళ్లే ఆడపిల్లలకు అదే గండం. గడియ లేని తలుపు, మగవారికీ ఆడవారికీ కలిపి కట్టిన స్నానాల గదులు, రేషన్ కోసం ఒంటరిగా పంపిన పిల్లలు గంటల తరబడి నిలబడే వరుస ఇవన్నీ నివారించగలిగినవే. వీటిని కట్టేవారు ఇంజినీర్లు, నడిపేవారు రెవెన్యూ సిబ్బంది. బాలల రక్షణ తమ పని కాదని వారు అనుకున్నంతకాలం ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

సాయం పంచే చేతులే కాటేసిన సందర్భాలు ఉన్నాయి. 2002లో ఐక్యరాజ్యసమితి శరణార్థి విభాగం, బ్రిటన్‌లోని సేవ్ ద చిల్డ్రన్ కలిసి గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శిబిరాల గురించి ఇచ్చిన నివేదిక ఈ రంగాన్నే కుదిపేసింది. తిండిగింజలు, నూనె, టార్పాలిన్ పట్టాలు ఇచ్చి బాలికలను లైంగికంగా దోచుకుంటున్నట్లు అందులో వచ్చిన ఆరోపణల్లో 40కి పైగా సంస్థల సిబ్బంది ప్రస్తావన ఉంది. ఆ మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి జారీచేసిన నియమావళి, పద్దెనిమిదేళ్లలోపువారితో లైంగిక సంబంధాన్ని స్థానిక చట్టంలో సమ్మతి వయసు ఎంత ఉన్నా నిషేధించింది. వయసు తెలియలేదన్న సాకు చెల్లదని కూడా అందులో రాశారు. రాసిన తర్వాత కూడా, 2007లో హైతీలోని శాంతి పరిరక్షక దళం నుంచి వందమందికి పైగా శ్రీలంక సైనికులను ఇవే ఆరోపణలపై వెనక్కి పంపాల్సి వచ్చింది. నియమం ఉండటం ఒక ఎత్తు. పదేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకోవాలి, చెప్పుకున్నాక తన కుటుంబానికి రేషన్ ఆగిపోదని భరోసా ఎవరిస్తారు అన్నది మరో ఎత్తు. ఫిర్యాదు పెట్టెను సరుకులు పంచేవాడి బల్ల పక్కనే పెట్టిన శిబిరంలో ఫిర్యాదులు రాకపోవడాన్ని మంచి పాలనకు గుర్తుగా చూపించుకోవడం చాలా చోట్ల జరిగేదే.

పైకి కనిపించకుండా పెరిగేది బాల్య వివాహం. జోర్డాన్‌లో తలదాచుకున్న సిరియా కుటుంబాల్లో నమోదైన పెళ్లిళ్లను యునిసెఫ్ పరిశీలిస్తే, పద్దెనిమిదేళ్లలోపు బాలికల పెళ్లిళ్లు 2013లో 25 శాతం కాగా 2014 తొలి మూడు నెలల్లో 32 శాతానికి చేరాయి. తినే నోరు ఒకటి తగ్గుతుందన్న లెక్కతోపాటు, శిబిరంలో పిల్లకు రక్షణ లేదన్న భయం కూడా తల్లిదండ్రులను ఆ వైపు నెడుతుంది. అంటే మరుగుదొడ్డికి గడియ లేకపోవడానికీ పెళ్లి పందిరికీ మధ్య నేరుగా సంబంధం ఉంది. బడి మూతపడటం ఇందులో మరో పెద్ద కారణం. ఎబోలా వల్ల సియెర్రా లియోన్‌లో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. గర్భం దాల్చిన బాలికలను తిరిగి బడికి రానివ్వబోమని 2015లో ఆ దేశ ప్రభుత్వం నిషేధం పెట్టింది. దాన్ని ఎత్తివేసింది 2020 మార్చిలో.

మగపిల్లల విషయంలో ఇదే క్రమం పని వైపు సాగుతుంది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసి నది కట్ట తెగి, బిహార్‌లో 30 లక్షలకు పైగా జనం వరద బారిన పడ్డారు. పంట, పశువు, అప్పు తీర్చే దారి మూడూ ఒకేసారి పోయిన ఇంటికి మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే కొడుకు రైలెక్కుతాడు. ఏ రైలు ఏ వరదకు ఫలితమో విడదీసి చెప్పడం కష్టమే కానీ, అవి ఎక్కడ ఆగుతాయో హైదరాబాదుకు తెలుసు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలమందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. వారిలో అత్యధికులు బిహార్‌వారు. విపత్తు ఒక రాష్ట్రంలో, దోపిడీ మరో రాష్ట్రంలో జరిగినప్పుడు, మొదటి రాష్ట్రపు సహాయ చర్యల లెక్కల్లో ఈ పిల్లలు ఎక్కడా కనిపించరు.

మన చట్టం, మన పునరావాస కేంద్రం

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకృతి విపత్తుకు, సాయుధ ఘర్షణకు గురైన బిడ్డను రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగా స్పష్టంగా గుర్తిస్తుంది. పెద్దలు వెంట లేని బిడ్డను ఎవరు చేరదీసినా 24 గంటల్లోగా పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికో తెలియజేయాలి. ఇది వ్యక్తులకూ ఆస్పత్రులకూ స్వచ్ఛంద సంస్థలకూ అందరికీ వర్తిస్తుంది. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లలను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. బిడ్డ పేరు, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమైనా ప్రచురించడం కూడా నేరమే. వరద ప్రాంతంలో ఏడుస్తున్న బిడ్డ ఫొటోను చిరునామాతో సహా పంచుకునేవారికి ఈ చివరి సంగతి సాధారణంగా తెలియదు.

చట్టంలో ఒకచోట మాత్రం విపత్తుకు సరిపడని తొందర ఉంది. ఎవరూ లేని బిడ్డను దత్తతకు అర్హతగల బిడ్డగా ప్రకటించడానికి బాలల సంక్షేమ సమితికి ఇచ్చిన గడువు, రెండేళ్లలోపు పిల్లలకు రెండు నెలలు, అంతకు పైబడినవారికి నాలుగు నెలలు. మామూలు రోజుల్లో పిల్లలు ఏళ్ల తరబడి శిశుగృహాల్లో మగ్గిపోకుండా ఈ గడువు కాపాడుతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టనవసరం లేదు. కానీ ఊరికి ఊరే చెదిరిపోయినప్పుడు, వలస వెళ్లిన తండ్రికి ఇంటి కబురు అందడానికే నెలలు పట్టే చోట, అంతర్జాతీయ సూత్రాలు రెండేళ్లు ఆగమంటుండగా మనం రెండు నెలల్లో ముగించడం ప్రమాదకరం. విపత్తు ప్రకటించిన జిల్లాల్లో ఈ గడువును పొడిగించే ప్రత్యేక నిబంధన ఉండటం అవసరం.

డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నది ఇంకా ముఖ్యం. మిషన్ వాత్సల్య పథకం కింద బంధువుల ఇంట పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం అందించే వీలుంది. కొవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేర 10 లక్షల రూపాయల డిపాజిట్ వేస్తామని 2021 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. పిల్లల కోసం కేంద్రం తెచ్చిన పీఎం కేర్స్ పథకంలోనూ 23 ఏళ్లు నిండేసరికి అంతే మొత్తం చేతికి వస్తుంది. అసలు సొమ్ము బిడ్డ పేరనే ఉండి పెద్దలు ముట్టుకోలేని ఏర్పాటు మంచిది. డబ్బు కోసమే బిడ్డను దగ్గరకు తీసేవారికి అది కొంత అడ్డుకట్ట. కానీ కొవిడ్‌లో ఇద్దరినీ కోల్పోయినవారికి 10 లక్షలైతే, తండ్రి పోయి తల్లి కూలికి వెళ్తున్నవారు సహా ఒకరిని కోల్పోయిన లక్షా ముప్పై ఆరు వేలకు పైగా పిల్లలకు ఏముంది? బడి మాని పనిలో చేరేదీ, పదిహేనేళ్లకే పెళ్లయ్యేదీ ఎక్కువగా ఆ ఇళ్లలోనే. నెలకు 4,000 రూపాయల సాయం వారికీ వర్తిస్తుంది. దరఖాస్తు చేయాలని వారికి చెప్పేవారే తక్కువ.

చివరికి అంతా వచ్చి ఆగేది పునరావాస కేంద్రం రిజిస్టరు దగ్గర. మన తీర జిల్లాల్లో తుపాను హెచ్చరిక వస్తే జనాన్ని తుపాను షెల్టర్లకూ బడులకూ చేర్చడం అధికారులకు బాగా అలవాటైన పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు లోతట్టు ప్రాంతాలవారిని కేంద్రాలకు తరలించారు. ఇలాంటి తరలింపుల్లో లెక్క ప్రధానంగా కుటుంబాలది, ఆహార పొట్లాలది. కేంద్రంలో ఉన్న ప్రతి బిడ్డ ఎవరితో వచ్చాడు, ఆ పెద్ద మనిషి బిడ్డకు ఏమవుతాడు, తర్వాత ఎవరితో ఎక్కడికి వెళ్లాడు అన్న మూడు గడులు రిజిస్టరులో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వాటిని సరిగ్గా నింపగలిగిన మనిషి కూడా ఊళ్లోనే ఉంది. ప్రతి ఇంట్లోని పసిపిల్లలను పేరుపేరునా ఎరిగిన అంగన్‌వాడీ టీచరు దగ్గర ఆరేళ్లలోపు పిల్లల జాబితా ముందే ఉంటుంది, బడి టీచరు దగ్గర ఆపై వయసువారిది ఉంటుంది. తుపాను తీరం దాటకముందే ఆ రెండు జాబితాల నకళ్లు మండల కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లా బాలల పరిరక్షణ అధికారికి చేరాలి. ఆ అధికారికి కలెక్టరు కంట్రోల్ రూములో ఒక కుర్చీ ఉండాలి. బాలల పరిరక్షణ మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, విపత్తు నిర్వహణ రెవెన్యూ యంత్రాంగం కింద వేర్వేరుగా నడుస్తున్నందువల్ల, కేంద్రాలు మూసేసి జనం ఇళ్లకు వెళ్లిన మరునాటి నుంచి ఏ బిడ్డ బడికి తిరిగి రాలేదో చూసే బాధ్యత ఏ శాఖ పనుల జాబితాలోనూ స్పష్టంగా రాసి ఉండటం లేదు.